చేపగారికి సన్మాన సభ

సన్మానం చేయకుండా ఎవరినీ సాగనంపే అలవాటు మనకు లేదు. రిటైరైన గుమాస్తా నుంచి బదిలీ మీద వెళ్లే ఎస్సై దాకా అందరికీ దండ, శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో ఉండాల్సిందే. గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు తెలుగువాళ్లం బస్సు బోర్డులు మరాఠీలో చదువుతాం, సన్మానాలు మాత్రం తెలుగులోనే చేస్తాం.

ఈ మధ్య ఆ గౌరవం చేపలకూ దక్కుతోంది. ఆదివారం పొద్దున ప్రాణహిత ఒడ్డున కార్లు ఆగుతాయి. దిగినవాళ్లు చేప తినడానికి రాలేదు, అమ్మడానికీ రాలేదు. పట్టి, గౌరవించి, మళ్లీ నదిలో వదలడానికి వచ్చారు. దీని పేరు క్రీడ. వల భుజాన వేసుకుని పోతున్న బెస్త పెద్దాయన ఒక్క క్షణం నిలబడి, "తినరు, అమ్మరు. మరి దాని నోరెందుకు చింపుడు సారూ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోతాడు. నాగరికత తెలియని ప్రశ్న. తెలిసినవాళ్ల ప్రశ్న వేరు: సన్మానం అయ్యాక సన్మానగ్రహీత బతికుండాలా, అక్కర్లేదా? బతికుండాలని పట్టుబట్టే ఛాందసుల కోసం ఈ నాలుగు మాటలు. మిగతావాళ్లు ఫొటో దిగి వెళ్లిపోవచ్చు.

ముందు ఆహ్వానపత్రిక, అంటే గాలం. దుకాణానికి పోయి "పెద్ద చేప పట్టాలి, 10వ నంబరు ఇవ్వు" అంటే చిటికెన వేలి గోటి మీద పట్టేంత గాలం చేతిలో పెడతాడు. గాలాల నంబర్లు సర్కారు కొలువుల్లాంటివి. క్లాస్ ఫోర్ కన్నా క్లాస్ వన్ పెద్ద. అలాగే 10 కన్నా 6 పెద్దది, 6 కన్నా 2 పెద్దది. 1 దగ్గరికి వచ్చేసరికి పైన కుర్చీలు అయిపోయాయి కాబట్టి పక్కన సున్నా పెట్టి కొత్త పదవులు సృష్టించారు: 1/0, 2/0, 3/0. ఇక్కడి నుంచి అంకె పెరిగితే గాలమూ పెరుగుతుంది. దీనికి తోడు ఒక కంపెనీ 4వ నంబరు, ఇంకో కంపెనీ 4వ నంబరు ఒకే కొలత ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. అందుకని నంబరును నమ్మకుండా గాలాన్ని కంటితో చూసి కొనాలి. మొనకూ కాడకూ మధ్య ఎంత ఎడం ఉందో అదే అసలు కొలత. ఎర గుచ్చాక కూడా అందులో సగానికి పైగా ఖాళీ కనపడాలి.

కిలో, రెండు కిలోల రవ్వకు 6 గానీ 8 గానీ చాలు. దాని మూతి చిన్నది, పెదవులు మెత్తన, పళ్లు దవడల్లో కాకుండా గొంతులో ఉంటాయి. బొచ్చెకు 4 లేదా 2. బొచ్చె నోరు పైకి తెరుచుకుంటుంది, మేత పై నీళ్లలోనే వెతుక్కుంటుంది. ఎర అడుగుకు దించి కూర్చుంటే పత్రిక పక్కింట్లో ఇచ్చి వచ్చినట్టే. ఇక వాలుగ. నోరు కంటిని దాటి వెనక్కి చీలి ఉంటుంది, 3/0 కన్నా తక్కువది దాని ముందు పెట్టడం అవమానం. ఇక్కడే దయగలవాళ్లు పొరపాటు పడతారు. చిన్న గాలమైతే చేపకు నొప్పి తక్కువని జాలిపడి 8వ నంబరు వేస్తారు. వాలుగ దాన్ని ఎరతో సహా మింగుతుంది, గాలం పోయి పొట్ట దగ్గర తగులుతుంది. సరైన సైజుదైతే పెదవి మూల ఆగేది. పైగా వాలుగ ముప్పున్న జాతుల జాబితాకు ఎక్కిన చేప. జాలి దాకా ఎందుకు, కొలత చూస్తే చాలు.

కొందరు ఒక పత్రికతో తృప్తిపడరు. పల్లిచెక్క, తవుడు, గోధుమపిండి కలిపిన ముద్ద చుట్టూ ఆరు గాలాలు వేలాడదీసిన గుత్తి వేస్తారు. చేప వచ్చి ముద్దను పీల్చి ఉమ్మి, మళ్లీ పీలుస్తుంది, అది దాని తిండి పద్ధతి. ఇంతలో ఒడ్డున ఉన్నాయన గుంజుతాడు. ఒక గాలం నోట్లో, ఒకటి కంట్లో, ఒకటి కడుపు కింద. ఇలా దిగినదాన్ని వదిలేసి "చేపకు ప్రాణభిక్ష పెట్టాను" అని స్టేటస్ పెట్టడానికి చాలా నిబ్బరం కావాలి. బొమ్మ ఎరలకు రింగుతో తగిలించి ఉండే మూడు మొనల గాలమూ ఆ గుత్తికి చుట్టమే. దాన్ని ఊడదీసి, అదే రింగుకు ఒంటి గాలం తగిలిస్తే ఎరకేమీ తక్కువ కాదు.

ఎరతో పట్టేవాళ్లకు సర్కిల్ గాలం మంచిది. దాని మొన నిటారుగా పైకి ఉండదు, కాడ వైపు లోపలికి తిరిగి ఉంటుంది. చేప మింగినా, దారం బిగిసినప్పుడు అది గొంతులో గుచ్చుకోకుండా జారుకుంటూ వచ్చి నోటి మూలలో పడుతుంది. షరతులు రెండే. కొనేముందు బల్ల మీద పడుకోబెట్టి చూడాలి: మొన, కాడ రెండూ బల్లను ఆనుకుని ఉండాలి. మొన పక్కకు వాలి పైకి లేస్తే అది సర్కిల్ వేషం కట్టిన మామూలు గాలం, గొంతులోనూ దిగుతుంది. రెండోది, బెండు మునగ్గానే ఝాడించి గుంజకూడదు. గుంజితే గాలం చేప నోట్లోంచి శుభ్రంగా బయటికి వచ్చేస్తుంది. దారం మెల్లగా చుట్టుకుంటూ పోవాలి, అంతే. ఏళ్ల తరబడి గుంజడానికి అలవాటుపడ్డ చేతికి ఇది బ్రహ్మచర్యం లాంటిది, అందుకే నెలకే చాలామంది "సర్కిల్ పనిచేయదు" అని ప్రకటిస్తారు. పిండి ముద్దతో మొనకూ కాడకూ మధ్య ఖాళీ అంతా మూసేసినా పనిచేయదు. అది కూడా గాలం తప్పే అంటారు.

మొన దగ్గర ఉండే వెనకముల్లును నొక్కేయాలి. నోస్ ప్లయర్‌తో మొన పొడవునా పట్టుకుని, ఒక్క దెబ్బకు కాకుండా కొద్దికొద్దిగా బిగించాలి. అడ్డంగా పట్టుకుని తిప్పితే గట్టి కార్బన్ ఉక్కు మొన దగ్గర పుటుక్కుమంటుంది. ఆ ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు కాబట్టి కళ్లద్దాలు ఉండాలి. నొక్కడం పూర్తయిందో లేదో చూడటానికి సభకు తెచ్చిన శాలువా పనికొస్తుంది: మొన గుచ్చి వెనక్కి లాగండి. ఒక్క పోగు పట్టుకున్నా ముల్లు ఇంకా మిగిలి ఉందని అర్థం. చేపలు పట్టేచోట శాలువాకున్న ఏకైక ఉపయోగం ఇదే. ముల్లు నొక్కిన గాలం గుచ్చినవాడి వేలిలోంచి కూడా తేలిగ్గానే వస్తుంది. చేప మీద దయ లేనివాళ్లు ఈ కారణంతోనైనా నొక్కవచ్చు.

"జన్మలో తుప్పు పట్టదు" అని స్టెయిన్‌లెస్ గాలాలు అమ్ముతారు. వదిలేయాలనుకునేవాడికి తుప్పు పట్టేదే కావాలి. గాలం గొంతు లోపలికి పోయి, దాని కన్ను, అంటే దారం కట్టే రంధ్రం కూడా కనపడని స్థితి వస్తే వేళ్లు పెట్టి కెలకకూడదు. దారాన్ని నోటికి వీలైనంత దగ్గరగా కత్తిరించి వదిలేయాలి. బలవంతంగా పీకినవాటి కన్నా ఇలా వదిలినవే ఎక్కువ బతుకుతాయి. మామూలు ఉక్కు కాలక్రమంలో తుప్పుపట్టి పోతుంది, లేదా చేపే బయటికి తోసేస్తుంది. ఆరు రూపాయల గాలం పోయిందని బాధపడే మనిషి ఆ రోజు పెట్రోలుకు ఎంత పోశాడో అడగకూడదు.

ఇక అసలు సభ. అతిథి ఒడ్డుకు వచ్చింది. మొదటి అంశం, శాలువా కప్పుట. పొడి టవల్‌తో గట్టిగా పట్టుకుంటారు, జారుతుందని. ఆ జారేదే చేపకు కవచం. ఆ జిగురు పొర టవల్‌కు అంటుకుని వచ్చేస్తే, ఊడినచోట బూజు పట్టి, పుండు పడుతుంది. ముడుల నైలాన్ వల కూడా ఇదే పని చేస్తుంది, రబ్బరు వల మేలు. చేతులు ముందు నీళ్లలో ముంచాలి. రెండో అంశం, ఆసనం. మే నెలలో ప్రాణహిత ఇసుక మీద చెప్పుల్లేకుండా తాము నిలబడలేనివాళ్లు చేపను దాని మీద పడుకోబెడతారు. మూడోది పూలదండ: మొప్పల్లోంచి తాడు దూర్చి వేలాడదీయడం. మొప్ప అంటే చేప ఊపిరితిత్తి. సన్మానగ్రహీత ఊపిరితిత్తుల్లోంచి దండ వేసిన సభ మనుషుల్లో ఇంతవరకూ జరిగినట్టు లేదు. తూకం కోసం దవడకు కొక్కెం తగిలించి నిలువునా వేలాడదీయడం నాలుగోది. పెద్ద చేప బరువును మోసేది నీళ్లు, దవడ కాదు. బరువు తెలియకపోతే నిద్ర పట్టదంటే తడిసిన సంచిలో అడ్డంగా పడుకోబెట్టి తూచాలి, సంచి బరువు తర్వాత తీసేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది గ్రూప్ ఫొటో. బావమరిది కళ్లు మూశాడని ఇంకొకటి, ఎండ ఎదురుగా ఉందని మరొకటి. కెనడాలో 1992లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. రెయిన్‌బో ట్రౌట్ చేపలను పూర్తిగా అలసిపోయేలా తరిమారు. నీళ్లలోంచి తీయనివాటిలో 88 శాతం బతికాయి. 30 సెకన్లు గాలిలో ఉంచినవి 62 శాతం. నిమిషం ఉంచినవి 28 శాతం. ట్రౌట్ చలిదేశపు సుకుమారి, మన రవ్వ మొండిది, కాబట్టి ఇదే లెక్క ఇక్కడ అచ్చుగుద్దినట్టు రాదు. కానీ బావమరిది కళ్లు తెరిచేదాకా ఆగే ముందు ఆ 28 గుర్తుండాలి. పైగా చచ్చేది అక్కడికక్కడే కాదు. తోక ఆడించి వెళ్లిపోతుంది, చప్పట్లు మోగుతాయి, ఏ రాత్రికో మన కంటికి దూరంగా ఎక్కడో తేలుతుంది.

మన ఎండలో ఇది ఇంకా కష్టం. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల నీటిలో 7.5 మాత్రమే. అలసిన చేపకు ఊపిరి ఎక్కువ కావాల్సినప్పుడే నీళ్లలో సరుకు తక్కువ. సన్నటి దారం కట్టి అరగంట ఆడించడం వీరత్వమని చెప్పుకుంటారు, ఆ అరగంటా దాని కండల్లో ఆమ్లం పేరుకుంటుంది. గట్టి దారం కట్టి త్వరగా ఒడ్డుకు తేవాలి. నదిలో తెల్లవారుజాము మంచిదే. పాచిపట్టి ఆకుపచ్చగా ఉన్న చెరువులో మాత్రం రాత్రంతా పాచి కూడా ఊపిరి పీల్చి ఉంటుంది కాబట్టి తెల్లవారేసరికే ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. అక్కడ ఎండెక్కాక వెళ్లాలి, మధ్యాహ్నానికి లేవాలి.

వీడ్కోలు చెప్పేటప్పుడు వంతెన మీంచి విసరకూడదు. నీళ్లలో ఒక చేత్తో కడుపు కింద, ఒక చేత్తో తోక మొదట్లో పట్టి, మూతి ప్రవాహానికి ఎదురుగా ఉంచాలి. ముందుకీ వెనక్కీ ఊపడం కొందరికి మంత్రంలా అలవాటు. వెనక్కి లాగినప్పుడు మొప్పల్లో నీళ్లు తప్పుదారిన పోతాయి. కదలకుండా పట్టుకోండి, అది తోకతో మీ చేతిని తన్ని పోయేదాకా.

కొర్రమీనుకు ప్రోటోకాల్ వేరు. అది గాలి పీల్చే చేప. ఊపిరి పోస్తున్నామనుకుని మూతిని నీళ్లలోనే అదిమి పట్టుకున్నా, నిండా మునిగిన వల సంచిలో వేసినా, పైకి రాలేక నీళ్లలో మునిగి చస్తుంది. వానాకాలంలో నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు ఉండలా కదులుతుంటే, కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నాయని తెలిసి గాలం తగిలించిన కప్ప బొమ్మను సరిగ్గా అక్కడే విసిరేవాళ్లున్నారు. కాపలా చేప ఆకలితో కాకుండా కోపంతో కరుస్తుంది. దాన్ని ఫొటోకు నిలబెట్టిన కాసేపట్లో మిగతా చేపలు ఆ పిల్లలను ముగిస్తాయి. ఇది తెలంగాణ రాష్ట్ర చేప కూడా. ఇవతల ఒడ్డున మహారాష్ట్రకు 2023 నుంచి రాష్ట్ర చేప తెల్ల చందువ, సముద్రపు చేప. సిరొంచలో అది మంచు పెట్టెలో తప్ప కనపడదు. కాబట్టి నది మధ్యలో పట్టిన కొర్రమీను ఏ గట్టు వైపు తిరిగితే ఆ రాష్ట్ర మర్యాదలు అనుకోవాలి.

ముల్లు నొక్కిన గాలానికి ఒకటే లోపమని క్రీడాకారుల ఫిర్యాదు. దారం కొంచెం వదులైతే చాలు, చేప తల విదిలించి పోతుంది. నిజమే, ఒడ్డుకు రెండు గజాల దూరంలో అలా పోతుంది. దండ సిద్ధంగా ఉంటుంది, శాలువా మడత విప్పి ఉంటుంది, ఫొటోగ్రాఫర్ మోకాళ్ల మీద కూర్చుని ఉంటాడు, బావమరిది ఈసారి కళ్లు పెద్దవి చేసుకుని నిలబడి ఉంటాడు. సన్మానగ్రహీత మాత్రం సభకు రాదు.