ఆరు నెలల వీసా మీద వచ్చిన పాట

మొన్న సద్దుల బతుకమ్మ నాడు, ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పండుగ జరిపిన జిమ్ములో జరిగింది చాలామంది గమనించి ఉండరు. వరుస కుదరగానే, కరీంనగర్ వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దామె పాట ఎత్తుకుంది. నాలుగు చరణాలు అయ్యాయో లేదో, డీజే ట్రాక్ వేశాడు. ఆమె గొంతు ఆ మోతలో మునిగిపోయింది. కాసేపు ఉత్త చప్పట్లు కొట్టి, తర్వాత వరుసలోంచి తప్పుకుని గోడవారన కుర్చీలో కూర్చుంది. కార్యక్రమ పట్టికలో ఆమె లేదు కదా.

బతుకమ్మ పాటకు కొలిచిన నిడివి ఉండదు. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఎవరైనా ఆలస్యంగా వస్తే కథను ఇంకో పది చరణాలు సాగదీస్తారు, పిల్లలు అలిసిపోతే తొందరగా ముగిస్తారు. పగ్గం చెప్పే మనిషి చేతిలో ఉంటుంది. ట్రాక్ ఐదు నిమిషాలకు ఆగిపోతుంది, పైగా దాని వేగం ఎక్కువ. వంగి చప్పట్లు కొట్టి లేచే వ్యవధి దొరకదు కాబట్టి ఆట ఏటేటా గెంతుడవుతోంది. అసలు నష్టం వేరే ఉంది. అందుకునే పని లేని పిల్లకు పాట నోటికి రాదు.

నిర్వాహకుల మాటా వినాలి. వందలమంది తిరిగే జిమ్ములో ఒంటి గొంతు రెండో వరుసకే వినపడదు. డీజే లేకపోతే హైస్కూలు పిల్లలు కారులోంచి దిగరు. రెండూ నిజమే. అయితే మైకు ఆమెకు ఇవ్వడానికి ఈ రెండింటిలో ఏదీ అడ్డు కాదు.

ఇలాంటి పాటల్ని జానపద విజ్ఞానం పేరుతో చదువుగా చదివేవాళ్లున్నారన్న సంగతి మన సంఘాలకు పెద్దగా పట్టదు. బిరుదురాజు రామరాజు గారు 1950ల్లోనే ఉస్మానియాలో జానపద గేయాల మీద పీహెచ్‌డీ చేశారు. 1985లో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఇక్కడ బ్లూమింగ్టన్‌లోని ఇండియానా యూనివర్సిటీ, వెస్టర్న్ కెంటకీ, మనవాళ్లు బాగా ఉన్న ఉత్తర వర్జీనియాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలు ఈ విద్యకు పేరున్న చోట్లు. 1976 చట్టంతో ఏర్పడిన అమెరికన్ ఫోక్‌లైఫ్ సెంటర్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోనే ఉంది. ఈ చదువు చదివిన పిల్ల ఒక్కతి ఆ కుర్చీ పక్కన కూర్చుని ఉంటే ఏం చేసేదో చూడండి.

ముందు అనుమతి. తెలుగులో రాసిన కాగితం చదివి వినిపించి మూడు ప్రశ్నలు విడివిడిగా అడుగుతుంది: భద్రపరచవచ్చా, తరగతిలో వినిపించవచ్చా, ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా? అత్తమామల్ని ఎత్తిపొడిచే పాటకు మొదటిదానికి సరే అని, మూడోదానికి వద్దనే పెద్దవాళ్లుంటారు.

తర్వాత చోటు. ఫ్రిజ్, ఏసీ ఆపాలి. కార్పెట్ గది మంచిది, గొంతు గోడలకు కొట్టి తిరిగి రాదు. కాలరు మైకు పనికిరాదు, గాజుల చప్పుడు మొత్తం పట్టేస్తుంది. చేతిలో పట్టే రికార్డరును మూరెడు దూరంలో స్టాండు మీద పెట్టాలి. మామూలు గొంతుకు రికార్డరు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. పాట ఊపందుకున్నాక చప్పట్లు పెరుగుతాయి, ముందే ఎక్కువ పెడితే ధ్వని పగులుతుంది, దాన్ని మళ్లీ బాగుచేయలేం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ ఫైలు (ధ్వనిని కుదించకుండా దాచేది) గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. అదే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేస్తే ధ్వని నలిగిపోతుంది. మూడు నకళ్లు ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో.

సోఫాలో కూర్చోబెట్టి "అమ్మా, పాట పాడు" అంటే నాలుగో చరణం దగ్గర మరిచిపోతుంది. అది మతిమరుపు కాదు. ఆ పాట చేతుల్లో, అడుగుల్లో ఉంది. అందుకే రెండుసార్లు రికార్డు చేస్తారు: అందుకోవడానికి ముగ్గురు ఆడవాళ్లను పెట్టి తిరుగుతుండగా ఒకసారి, మాటలు స్పష్టంగా తెలియడానికి ఒంటరిగా ఇంకోసారి. పుట్టినింటి పాటా, మెట్టినింటి పాటా అని తప్పకుండా అడుగుతారు. పెళ్లయిన ఆడవాళ్లతోనే బతుకమ్మ పాటలు ఊరు మారాయి. ఆ ఒక్క ప్రశ్న వదిలేస్తే పాట ఊరు తప్పిపోతుంది.

రాసుకునేటప్పుడు మనం చేసే పాపం ఒకటుంది, దిద్దడం. ఆమె "ఉన్నరు" అంటే మనం "ఉన్నారు" అని రాస్తాం. నాలుగు మాత్రల మాట ఐదు మాత్రలవుతుంది, చప్పట దెబ్బ తప్పుతుంది. ఇంట్లో మనవల ముందు "అలా అనకూడదు నాయనమ్మా" అని ఆమె మాట దిద్దిన మనమే, ఏడాదికోసారి వేదికెక్కి మాండలికం మన సొత్తు అంటాం.

సంఘాన్ని వేడుకునేది పెద్దదేమీ కాదు. వచ్చే ఏడు మొదటి అరగంట ట్రాక్ వద్దు. పాట చెప్పేవాళ్ల పేర్లు ముందే అడిగి, కార్డ్‌లెస్ మైకు వాళ్ల చేతికివ్వండి. డీజే ఆ తర్వాత ఉండనే ఉంటాడు. రెండు మూడు వందల డాలర్ల రికార్డరు ఒకటి కొనండి. వేసవిలో ఒక జానపద విజ్ఞాన విద్యార్థికి నెల భత్యమిచ్చి, ఇళ్లలో ఉన్న అమ్మల దగ్గరికి పంపండి. చాలా రాష్ట్రాల కళామండళ్లలో జానపద కళల విభాగాలున్నాయి. గురువూ నేర్చుకునేవారూ కలిసి దరఖాస్తు పెట్టే పథకాలు కొన్నిచోట్ల ఉన్నాయి, మన రాష్ట్రంలో ఉందేమో కార్యదర్శి ఒక ఫోను చేసి కనుక్కోవచ్చు.

వచ్చే ఏడు సంగతి అది. ఈ లోపల రికార్డరు ఎవరిదైనా అరువు తేవచ్చు. ఆ పెద్దామె తిరుగు టికెట్ నవంబరు రెండో వారానికి ఉంది.