అతుక్కుంటుంది, అంతే

వైరు గొడవ లేకుండా ఫోను వెనక టప్పున అతుక్కునే పవర్ బ్యాంకు కొందామని జగదాంబ సెంటర్‌కెళ్లాను. బుద్ధి తక్కువై.

"ఇది పదివేలు సార్" అన్నాడు షాపు కుర్రాడు. ధరేమో అనుకుని గుండె ఆగింది. కాదట, ఎంఏహెచ్‌లట, అంటే బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత. పోనీ ఆ పదివేలూ ఫోన్లోకి వెళ్తాయా అంటే నవ్వాడు. ఎక్కడ వెళ్తాయి బాబూ! అది లోపలి సెల్‌కి 3.7 వోల్టుల దగ్గర కట్టిన లెక్క. వోల్టేజీ మార్చడంలో కొంత, వైరు లేకుండా ఛార్జి పంపే తీగచుట్ట (కాయిల్) వేడెక్కడంలో ఇంకొంత ఆవిరి. అసలు అంకె 'రేటెడ్ కెపాసిటీ' పేరుతో అట్టపెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. చదవాలంటే మా నాన్నగారి కళ్లద్దాలు కావాలి.

ఛార్జింగ్ వేగం చెప్పే వాట్లదీ ఇదే భాగోతం. పైన ఇంతేసి అక్షరాలతో 22.5. అది వైరు గుచ్చితే! అయస్కాంతం మీదైతే 15, అదీ ఫోను ఒప్పుకుంటే. 2023లో వైరు లేని ఛార్జింగ్‌కి క్యూఐ2 అని కొత్త ప్రమాణం వచ్చిందిగా, దాన్ని 'చీ 2' అని పలకాలట. పలికాను, మనస్ఫూర్తిగా.

తీరా చూస్తే నా ఫోన్లో అయస్కాంతమే లేదు. రింగున్న కవరు వేరే కొనాలట. ఇక మే నెలలో ఆర్కే బీచ్ ఉక్కపోతకి ఫోను సలసలా కాగి, తనే ఛార్జింగ్ తగ్గించేసుకుంటుంది.

"ఇంతకీ ఏటి కొన్నారు?" అంది మా ఆవిడ.

రెండు మీటర్ల వైరు.