చప్పట్లు నేరం, దగ్గు సంప్రదాయం

పాశ్చాత్య శాస్త్రీయ సంగీత సభల్లో చాలా చోట్ల ప్రోగ్రాం పుస్తకంలో ఒక విన్నపం అచ్చేస్తారు. మూవ్‌మెంట్ల మధ్య, అంటే ఒకే రచనలోని భాగాల మధ్య, దయచేసి చప్పట్లు కొట్టవద్దు. ఎంత మర్యాదగా ఉందో చూడండి. సింఫనీలో, అంటే ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే పెద్ద రచనలో, మొదటి భాగం ముగియగానే తెలియనివాడెవడో ఆనందం పట్టలేక రెండు చేతులూ కలిపాడనుకోండి, ముందు వరసల్లో మెడలు ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాయి. ఆ వెంటనే ‘ష్’ అని వినిపిస్తుంది. చప్పట్లు నాలుగు వరసలు దాటవు, ఈ ‘ష్’ బాల్కనీ దాకా పోతుంది. అయినా దాన్ని చప్పుడు కింద ఎవరూ జమకట్టరు.

ఇది అనాదిగా వస్తున్న ఆచారమట. పాపం, స్వరకర్త మోజార్ట్‌కి ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరు. 1778లో తన పారిస్ సింఫనీ మొదటి ప్రదర్శన గురించి ఆయన తండ్రికి రాసిన ఉత్తరం ఉంది. మొదటి మూవ్‌మెంట్ నడిమధ్యలో జనానికి తప్పక నచ్చుతుందని తెలిసే ఒక ఘట్టం పెట్టాడు. నచ్చింది, చప్పట్లు మోగాయి. ఇలా అవుతుందని ముందే తెలుసు గనక దాన్నే చివర్లో మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ మోగాయి. ఆఖరి మూవ్‌మెంట్‌ను ఎనిమిది బార్ల (తాళపు ఆవర్తనాల్లాంటివి) పాటు రెండు వయొలిన్ వరసలతో మెల్లగా మొదలుపెట్టి, ఆర్కెస్ట్రా అంతటినీ ఒక్కసారి మీదకు వదిలాడు. మెల్లగా ఉన్నంతసేపూ జనం ‘ష్’ అన్నారు, జోరందుకోగానే చేతులు కలిపారు. కుర్రాడు సంబరపడి వెళ్ళి ఐస్‌క్రీమ్ తిన్నాడు. ఇప్పటి హాల్లో అయితే అతనికి ఐస్‌క్రీమ్ కాదు, గేటు చూపించేవాళ్ళు.

1813లో వియన్నాలో బేతోవెన్ ఏడో సింఫనీ రెండో మూవ్‌మెంట్‌ను జనం అక్కడికక్కడే మళ్ళీ వాయించమన్నారు, వాయించారు. 1859లో లైప్‌జిగ్‌లో బ్రామ్స్ తన మొదటి పియానో కన్చెర్టో (ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి నడిపే రచన) వాయిస్తే మొదటి రెండు మూవ్‌మెంట్లకూ హాల్లో చలనం లేదు. చివర్లో మూడు జతల చేతులు కలవబోయేసరికి నలువైపులా బుసలు లేచాయి. ఆ రోజుల్లో మధ్యలో నిశ్శబ్దమంటే కచేరీ తన్నేసిందని అర్థం. ఇప్పుడు అదే సంస్కారమైంది.

ఎప్పుడైంది? 1882లో జర్మనీలోని బైరాయిట్‌లో తన సంగీత నాటకం పార్సిఫాల్ ఆడినప్పుడు రెండో అంకం తర్వాత నటీనటులు తెర ముందుకు రారని స్వరకర్త వాగ్నర్ అన్నాడు. భక్తులు దాన్ని చప్పట్లే నిషిద్ధమన్నట్టు తీసుకున్నారు. తర్వాత ఒక ప్రదర్శనలో ఆ నాటకంలోని పూలకన్యల పాటకు ముచ్చటపడి బ్రావో అన్న ఒక పెద్దమనిషిని ‘ష్’ అని నోరు మూయించారనీ, ఆయన సాక్షాత్తూ వాగ్నరేననీ చెబుతారు. 1918లో వియన్నాలో స్వరకర్త షోన్‌బెర్గ్ కొత్త సంగీతం కోసం పెట్టిన సంఘంలో చప్పట్లు పూర్తిగా బంద్, విమర్శకులకు ప్రవేశమే లేదు. ఆయన్ని అనలేం. 1913లో ఆయన నడిపిన కచేరీలో జనం కొట్టుకున్నారు.

ఇక దగ్గు సంగతి. చప్పట్లు నిషేధించగా మిగిలిన ఆ పవిత్ర విరామంలో ఏం జరుగుతుందో గమనించారా? కండక్టర్ చెయ్యి దించుతాడు. బాల్కనీ నుంచి ఒక పొడి దగ్గు శ్రుతి చూసుకుంటుంది. కింది నుంచి కఫం గలది బదులిస్తుంది. ఎడమ పక్క బృందం అందుకుంటుంది, కుడి పక్క అనుపల్లవి. ఇరవై నిమిషాలు బిగబట్టినవాళ్ళంతా ఒక్కసారి వదులుతారు. దగ్గు రానివాళ్ళు కూడా మళ్ళీ అవకాశం ఉండదని ఒకటి దగ్గి పెడతారు. ఒకావిడ దగ్గుబిళ్ళ కాగితం చప్పుడు కాకూడదని మెల్లగా విప్పుతుంది, ఆ మెల్లదనం వల్ల తర్వాతి అడాజియో, అంటే మెల్లని భాగం, సగం దాకా విప్పుతూనే ఉంటుంది. హార్న్ వాయిద్యగాళ్ళు గొట్టాల్లో నీళ్ళు ఒంపుకుంటారు. ఆఖరి దగ్గు ముక్తాయింపు ఇచ్చేదాకా కండక్టర్ తల వంచుకుని వేచి ఉంటాడు. ఇంత విస్తారమైన రచనకు కర్త పేరు ప్రోగ్రాంలో వెయ్యకపోవడం అన్యాయం.

కొత్తవాళ్ళకు పండితుల సలహా ఒకటే, మూవ్‌మెంట్లు లెక్కపెట్టుకోండి. సింఫనీకి నాలుగు, కన్చెర్టోకి మూడు. సరే, బేతోవెన్ అయిదో సింఫనీలో మూడోదీ నాలుగోదీ కలిసిపోతాయి, ఆరోదానిలో అయిదుంటే చివరి మూడూ ఒకటే ప్రవాహం. మెండెల్సన్ వయొలిన్ కన్చెర్టోలో మొదటి భాగం ఆగినా బసూన్ అనే ఊదే వాద్యం ఒక స్వరం పట్టుకుని వదలదు. చైకోవ్‌స్కీ అయిదోదానిలో అసలు ముగింపుకు ముందే ఒక ఘనమైన దొంగ ముగింపు వస్తుంది. సిబేలియస్ అయిదోది ఆరు దెబ్బలతో ముగుస్తుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక చప్పట్లవాడు పట్టేంత ఖాళీ. కాబట్టి లెక్కలు మానేసి కండక్టర్ భుజాలు చూడండి. చేతులు పూర్తిగా దిగి, భుజాలు వదులై, ఆయన ఇటు తిరిగితే అయిపోయినట్టు.

చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ మూడో మూవ్‌మెంట్ చివర మాత్రం ఈ నీతులు నా దగ్గర చెప్పకండి. పెద్ద డోలు, తాళాలు, ఇత్తడి వాద్యాలు అన్నీ కలిపి మనిషిని కుర్చీలోంచి లేపడానికే కట్టిన మార్చ్ అది. ఆ హోరు మీదే చివరి విలాపం వచ్చి పడాలి. అక్కడ చేతులు కదలనివాడికి సంస్కారం ఉన్నట్టు కాదు, చెవులు లేనట్టు. మృదంగం తని ఆవర్తనం కాగానే హాలు మోగిపోయే కర్ణాటక సంగీత సభల్లో పెరిగిన మనవాళ్ళ అమ్మాయి లండన్‌లోనో న్యూయార్క్‌లోనో డబ్బు కూడబెట్టి మొదటిసారి టికెట్టు కొంటుంది. ఆ మార్చ్ చివర సరిగ్గా చైకోవ్‌స్కీ కోరినట్టే చప్పట్లు కొడుతుంది. నలభైమంది ఆమెను దొంగను చూసినట్టు చూస్తారు. ఆమె మళ్ళీ రాదు. ఎందుకు వస్తుంది? అవమానం కొనుక్కోవడానికి బుద్ధున్నవాడెవడైనా క్యూలో నిలబడతాడా? తరిమింది మీరే, కుర్రకారు రావడం లేదని కమిటీలు వేసేదీ మీరే.

అసలు నిశ్శబ్దం కావలసిన చోట ఈ పెద్దలేం చేస్తారో కూడా చూడాలి. మాలర్ తొమ్మిదో సింఫనీ చివర తీగవాద్యాలు ఊపిరంత సన్నబడతాయి, ఆఖరి బార్ మీద ఆయన ఆరిపోతున్నట్టు వాయించమని రాశాడు. వయోలాల స్వరం ఇంకా గాల్లో ఉండగానే, కండక్టర్ చెయ్యి ఇంకా పైనే ఉండగానే, మూడో వరస నుంచి ‘బ్రావో’ అని ఒక గావుకేక. ముగింపు తనకు అందరికన్నా ముందే తెలుసని హాలంతటికీ తెలియాలి కదా. ఆ గొంతే మర్నాడు, నేటి శ్రోతలకు క్రమశిక్షణ లేదని పత్రికకు ఉత్తరం రాస్తుంది.