బొంబాయి బస్సెక్కే ముందు

దసరా దాటితే పాలమూరు పల్లెల్లో, దేవరకొండ తండాల్లో వలసల మూటలు కడతారు. బొంబాయికో, పుణెకో, హైదరాబాద్ శివారు ఇటుక బట్టీలకో పయనం. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు అన్నీ సర్దుకుంటారు గానీ బిడ్డ టీకా కార్డు ఇంట్లోనే ఉండిపోతుంది. తట్టు (మీజిల్స్) టీకా రెండో డోసు జారిపోయేది ఇలాగే.

తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి వేసే ఈ ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16-24 నెలల మధ్య వేయాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ బిడ్డలో ఇంకా మిగిలి ఉంటే టీకా సరిగా పట్టదు. అందుకే 9 నెలలకు వేసినా నూటికి దాదాపు 85 మందికే రక్షణ వస్తుంది. మిగతా 15 మంది ఎవరన్నది సూది వేసిన ఏఎన్ఎంకూ తెలియదు. రెండో డోసు వాళ్లను పట్టుకోవడానికే. దాన్ని ‘బూస్టరే కదా’ అని వదిలేయడం పొరపాటు. తట్టు వైరస్ మూసిన గదిలో 2 గంటల దాకా గాలిలో నిలుస్తుంది, దద్దు తేలడానికి 4 రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. బట్టీ గుడిసెల వరుసలో దాన్ని ఆపేదేముంది?

తప్పు తల్లిదండ్రులదే కాదు. ఈ టీకా పొడి రూపంలో వస్తుంది. దానితో వచ్చిన ద్రావణం కలిపాక 4 గంటల్లో వాడాలి, మిగిలితే పారేయాలి. ఒక్కో సీసాలో 5 లేదా 10 డోసులు. అందుకే ఒక్క బిడ్డే వస్తే ‘వచ్చే బుధవారం రా’ అని పంపేస్తారు. మా మాట సూటిగా ఒకటే: మిగతా డోసులు వృథా అయినా సరే, సీసా విప్పాలి. వచ్చే బుధవారానికి ఆ తల్లి ఊళ్లో ఉండకపోవచ్చు.

జలుబు, కొద్దిపాటి విరేచనాలు, బక్కతనం టీకా ఆపడానికి కారణాలు కావు. ఒకసారి తట్టు పోసిందన్నా రెండు డోసులూ వేయించాల్సిందే. ఎందుకంటే ఒంటిమీద తేలిన ప్రతి దద్దూ తట్టు కాదు. టీకా వేశాక అరగంట కేంద్రంలోనే కూర్చోవాలి. వారం పది రోజులకు కొందరికి స్వల్ప జ్వరం, సన్నటి దద్దు వచ్చి తగ్గిపోతాయి.

తట్టు పోస్తే గుమ్మానికి వేపమండ కట్టుకోండి, వచ్చేపోయేవారు ఆగుతారు, అదీ మంచిదే. కానీ బిడ్డను దవాఖానకు తీసుకెళ్లాలి; విటమిన్ ఎ వరుసగా రెండు రోజులు పట్టించాలి, మోతాదు వయసును బట్టి డాక్టరు చెబుతారు. ఎగశ్వాస, ఫిట్స్, పాలు తాగకపోవడం కనిపిస్తే క్షణం ఆగొద్దు.

డోసు తప్పిన బిడ్డకు అయిదేళ్ల లోపు ఎప్పుడైనా, రెండు డోసుల మధ్య కనీసం నెల ఎడంతో వేయించవచ్చు. మహారాష్ట్రలోనైనా సర్కారు కేంద్రంలో ఉచితమే. గుంపు మేస్త్రీలు అడ్వాన్సులు పంచే రోజుల్లోనే ఆశా కార్యకర్తలు వలసపోయే ఇళ్ల జాబితా రాసుకోవాలి. కార్డును ఆధార్‌తో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టండి, ఫోనులో ఫొటో తీసుకోండి.