గోదావరి నోరు మూయించే ఉపాయం

గోదావరితో ఉన్న పెద్ద ఇబ్బంది ఏమిటంటే, అది మాట్లాడుతూనే ఉంటుంది. త్ర్యంబకం దగ్గర మొదలుపెట్టి 1465 కిలోమీటర్ల పొడవునా అదే గలగల. పల్లవి లేదు, చరణం లేదు, మధ్యలో ఒక్కచోట కూడా బీటు మారదు. మన పెద్దవాళ్లు ఇంతకాలం దీన్ని ఎలా భరించారో ఆలోచిస్తే జాలేస్తుంది. పాపం, వాళ్ల దగ్గర స్టీరియో లేదు. గెడ వేసేవాడే పాట కూడా పాడుకోవాల్సి వచ్చేది, గొంతు ఉన్నా లేకపోయినా. మనకి ఆ ఖర్మ ఏమిటి? చేతిలో డబ్బులున్నాయి, బజార్లో స్పీకర్లున్నాయి, పడవలో చోటుంది. చాలకపోతే ఇద్దరు మనుషుల్ని తగ్గిస్తే వస్తుంది.

మా బావకి నరసాపురం దగ్గర వశిష్ఠ పాయలో ఒక ఫైబర్ బోటు ఉంది. కార్తీక మాసంలో వనభోజనాలకి జనాన్ని లంకల్లోకి తీసుకెళ్తాడు. మిగతా రోజుల్లో ఎవరైనా అడిగితే అంతర్వేది వైపు ఒక తిప్పు తిప్పి తెస్తాడు. ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా నడిచిన వ్యాపారం. నిరుడు ఒక బ్యాచి వచ్చి, బోటు చుట్టూ ఒకసారి చూసి, "డీజే లేదాండీ?" అని అడిగి, లేదంటే పక్క బోటెక్కి వెళ్లిపోయింది. ఆ రాత్రి బావ అన్నం తినలేదు.

"పదిహేను మందిలో ఒక్కడికీ ఈత రాదు. ఒక్కడూ లైఫ్ జాకెట్ ఉందా అని అడగలేదు బావా. డీజే ఉందా అని అడిగారు. జనానికి ఏం కావాలో మనం తెలుసుకోవద్దూ?" అన్నాడు.

ఈ తర్కానికి తిరుగులేదు. డిగ్రీలో ఫిజిక్సు రెండోసారికి పాసైన అనుభవం ఉంది కాబట్టి నన్ను సలహాదారుగా వేసుకున్నాడు.

కొట్లో మాకు చూపించిన అట్టపెట్టె మీద మంటలు లేస్తున్న బొమ్మ, దాని కింద '2000 వాట్లు' అని ఉన్నాయి. ఇంకా కింద, చీమ తలంత అక్షరాల్లో 'పీఎంపీఓ' అని ఉంది. దీన్ని కొందరు మోసం అంటారు గానీ, నేను ఒప్పుకోను. ఒక స్పీకరు ప్రాణం పోయే ముందు రెప్పపాటులో ఎంత గట్టిగా అరవగలదో ఆ లెక్క అది. పెళ్లిచూపుల్లో చెప్పే జీతం లాంటిది. అసలు జీతం తెలుసుకోవాలంటే పెట్టెని వెనక్కి తిప్పాలి. స్టీరియో వెనకాల గుచ్చిన ఫ్యూజు మీద '15' అని ఉంది. బోటు బ్యాటరీ 12 వోల్టులు, 15 ఆంపియర్లతో గుణిస్తే 180 వాట్లు. ఇంజిను నడిచేటప్పుడు వోల్టేజీ 14 దాటుతుంది కాబట్టి ఇంకో ముప్ఫై వేసుకోవచ్చు. పెట్టె చెప్పినట్టు 2000 నిజంగా రావాలంటే 166 ఆంపియర్లు లాగాలి. ఆ తీగ బొటనవేలంత ఉండాలి. ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపిస్తే బావ ఓపిగ్గా విని, "అయితే ఇంకో రెండు స్పీకర్లు కలుపుదాం" అన్నాడు.

పడవలకి విడిగా తయారుచేసే స్టీరియోలు ఉంటాయి. వాటిలో లోపలి బోర్డుకి తడి అంటకుండా పూత పూస్తారు, స్పీకరు కోను ప్లాస్టిక్‌తో చేస్తారు, మరలకి తుప్పు పట్టదు. ధర చూసి, మేము అదే డబ్బుతో కార్లకి పెట్టేది తీసుకుని, మిగిలిన దాంతో రంగు రంగుల లైట్లు కొన్నాం. కాగితం కోను ఉన్న స్పీకర్లు. మొదటి వానకి అవి అప్పడంలా మెత్తబడతాయని తర్వాత తెలిసింది.

ఇక వైరింగు. దీనికి ఊళ్లో కార్లకి స్టీరియోలు బిగించే కుర్రాడిని పిలిచాం. చేయి చాలా వేగం. పెద్ద చిక్కల్లా, వాడు జీవితంలో బిగించినవన్నీ ఇనప బళ్లే. కారులో నల్ల తీగని ఎక్కడో ఒకచోట బాడీకి మర కింద నొక్కేస్తే చాలు, ఎర్త్ అందుతుంది. ఆ అలవాటు కొద్దీ నల్ల తీగని తీసుకెళ్లి బోటు పక్కనున్న స్టీలు కమ్మీకి బిగించాడు. స్టీరియో ఉలకదు, పలకదు. ఫైబర్ బోటులో కమ్మీ బ్యాటరీ దాకా ఎటూ పోదు, గాల్లో ఉన్నట్టే. నల్ల తీగ కూడా ఎర్ర తీగ లాగే బ్యాటరీ దాకా నడిచి వెళ్లాల్సిందే.

కుర్రాడు తల గోక్కుని, "ఏం పర్లేదండి. తీగని నీళ్లలో వదిలేద్దారండి. కిందంతా ఎర్తేగా!" అన్నాడు.

నిజమే, కిందంతా గోదావరి. అయితే అలా చేస్తే పాట రాదు. పైగా నీళ్లలో కరెంటు దారి వెతుక్కుంటూ ప్రొపెల్లరునో షాఫ్టునో పట్టుకుని కొంచెం కొంచెంగా కొరుక్కు తింటుంది. ఆ మాట చెబితే బావ మొదటిసారి భయపడ్డాడు. ప్రొపెల్లరుకి బిల్లు ఉంది మరి.

తర్వాత పసుపు, ఎరుపు తీగలు. స్టీరియో వెనక ఈ రెండూ ఉంటాయి. పసుపు తీగ ఎప్పుడూ బ్యాటరీకి అంటిపెట్టుకుని ఉండాలి. గడియారం, స్టేషన్లు, మనం పెట్టుకున్న బాసు, ట్రెబులు అన్నీ దానివల్లే గుర్తుంటాయి. ఎర్ర తీగ తాళం ద్వారా రావాలి. తాళం తీస్తే స్టీరియో పడుకోవాలి. మా వాడు పసుపు కుంకుమల్ని విడదీయడం అశుభం అనుకున్నాడో ఏమో, రెండూ కలిపి ఒకే ముడి వేసి నేరుగా బ్యాటరీకి తగిలించాడు. ఆ రోజు నుంచి ఆ స్టీరియో పూర్తిగా నిద్రపోయింది లేదు. రేవులో బోటు కట్టేసి అందరూ ఇళ్లకి వెళ్లాక కూడా ఒంటరిగా కూర్చుని, స్టేషన్లు గుర్తుచేసుకుంటూ, బ్యాటరీని చప్పరిస్తూ ఉండేది.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది స్టీరియోని కాదు, మధ్యలో ఉన్న తీగని. ఇది నేను మూడుసార్లు చెప్పాను. మూడోసారికి కుర్రాడు ఫ్యూజు పెట్టాడు. అది రెండుసార్లు పోయింది. మూడోసారి పోనిది పెట్టాడు. ఏమిటా అని చూస్తే సిగరెట్టు పెట్టెలో వెండి కాగితం, చక్కగా నాలుగు మడతలు వేసి ఉంది. ధూమపానం హానికరం అని పెట్టె మీద ఎందుకు రాస్తారో నాకు ఆ క్షణంలో పూర్తిగా అర్థమైంది.

తీగల సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. వశిష్ఠ అంటే మంచినీటి నది అనుకునేరు. పోటు వచ్చినప్పుడు అంతర్వేది నుంచి సముద్రం ఉప్పు మోసుకుని పైకి వస్తుంది. ఆ గాలికి మామూలు రాగి తీగ తొడుగు లోపల చిలుం పడుతుంది, తోమని రాగి చెంబుకి పట్టినట్టు. పైకి తీగ నిగనిగలాడుతుంటుంది, కత్తితో చీరితే లోపల పచ్చగా, నల్లగా పొడి రాలుతుంది. అందుకే పడవల్లో తగరం పూత ఉన్న తీగ వేయాలంటారు. మేము ఇంటి వైరింగులో మిగిలినది వేశాం. దాన్లో గోడల్లో వేసే ఒంటి కమ్మీ తీగ కూడా ఉంది. ఇల్లు ఊగదు, బోటు ఊగుతుంది. ఊగి ఊగి ఆ కమ్మీ ఎక్కడో విరుగుతుంది. ఆ విషయం తీగకి తెలుసు, నాకు తెలుసు, బావకి చెప్పలేదు. అప్పటికే నా సలహాదారు పదవి కాస్త ఊగుతోంది.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సమస్య. సముద్రం మీదకి వెళ్లే బోట్లకైతే ఇంకో గొడవ ఉంది: స్పీకరు వెనక పెద్ద అయస్కాంతం ఉంటుంది, దాన్ని దిక్సూచి పక్కన పెడితే ముల్లు ఉత్తరాన్ని వదిలేసి స్పీకరు వైపు తిరుగుతుంది. ఇల్లు ఎటో తెలియకపోయినా పాట ఎటునుంచి వస్తోందో కచ్చితంగా చూపిస్తుంది. మా బోటుకి దిక్సూచి లేదు కాబట్టి ఆ ప్రమాదం తప్పింది. మాకొచ్చిన చిక్కు అదురు. బాసు కొట్టినప్పుడల్లా ఫైబర్ నేల జివ్వుమంటోంది. స్పీకర్ల కింద మెత్తగా ఏమైనా వేయాలి. బోటంతా వెతికితే నారింజ రంగులో, దళసరిగా, కొలతకి సరిగ్గా సరిపోయేవి పదిహేను దొరికాయి. అధికారులు కొనమన్నప్పటి నుంచి బల్ల కింద ఊరికే పడి ఉన్నాయి.

లైఫ్ జాకెట్లు ఇన్నాళ్లకి ఒక పనికొచ్చాయి. వాటి మీద కూర్చున్న స్పీకర్లు మునగడం అసాధ్యం.

కార్తీక ఆదివారం నాడు ప్రారంభోత్సవం. కొబ్బరికాయ ఇంజినుకి కొట్టలేదు, స్టీరియోకి కొట్టారు. పాట మొదలైంది, కానీ బాసు లేదు. నాలుగు స్పీకర్లలో రెండింటికి ప్లస్సు మైనస్సు తారుమారయ్యాయి. రెండు ముందుకి తోస్తుంటే రెండు వెనక్కి లాగుతున్నాయి, మధ్యలో డప్పు చచ్చిపోయింది. మా కుటుంబ ఆస్తి పంపకాలు ఇలాగే జరిగాయి గనక నేను వెంటనే కనిపెట్టాను. సరిచేశాక డప్పు వచ్చింది గానీ కారులో వచ్చినంత రాలేదు. కారుకి నాలుగు తలుపులున్నాయి, పైకప్పు ఉంది, శబ్దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. పడవకి నాలుగు వైపులా గోదావరే. పోనీ గట్టిగా పెడదామా అంటే, శక్తి రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే, చెవికి అంతంతమాత్రం. ఇంజిను వేగం పెంచితే పాటలో ఒక సన్నని కీచు కూడా పెరుగుతోంది. ఇంజినుతో పాటు తిరుగుతూ బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు రొద తీగల్లోంచి స్టీరియోలోకి పాకుతోందన్నమాట. బావ అది కోరస్ అనుకున్నాడు. నేను దిద్దలేదు.

లంక చేరాం. ఇంజిను ఆపారు. పాట ఆపలేదు. ఉసిరి చెట్టు కింద పులిహోర, గారెలు, పెరుగన్నం అయ్యేదాకా మూడు గంటలసేపు బోటులోంచి డప్పు మోగుతూనే ఉంది. కొంగలు ముందే వెళ్లిపోయాయి.

ఎండ వాలుతుండగా అందరూ ఎక్కారు. సరంగు బటను నొక్కాడు. టక్. మళ్లీ నొక్కాడు. టక్. నొక్కిన ప్రతిసారీ స్టీరియో ఒక్క క్షణం ఆరిపోయి, మళ్లీ వెలిగి, "బ్లూటూత్ రెడీ" అని ఆడగొంతుతో ప్రకటించేది. బ్యాటరీతో వచ్చే ధర్మసంకటం ఇదే. స్టీరియోకి ఆకలి తక్కువ, ఓపిక ఎక్కువ. బ్యాటరీ సగానికి సగం ఖాళీ అయినా పాడుతూనే ఉంటుంది. స్టార్టరుకి పని రెండు సెకన్లే, కానీ ఆ రెండు సెకన్లలో వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇమ్మంటుంది. బావ చివరికి స్టీరియో తీగ పీకేశాడు.

నిశ్శబ్దం. కాదు, నిశ్శబ్దం కాదు. బోటు అడుగున నీళ్లు తపతపమంటున్నాయి. అవతల గట్టు మీద ఎవరో గేదెని అదిలిస్తున్నారు. దూరంగా గుడి గంట.

వెనక బల్ల మీంచి ఒక పెద్దాయన, "ఏంటండీ ఇది, డబ్బులిచ్చాం కదా!" అన్నాడు.

చీకటి పడేవేళకి వేరే పడవ వచ్చి తాడు కట్టి లాక్కెళ్లింది. అది పాత కర్ర పడవ, లైట్లు కూడా లేవు. ఇంజినుని చేత్తో తిప్పి స్టార్ట్ చేసుకుంటాడట ఆ ముసలాయన. తాడు విప్పి ఇచ్చేటప్పుడు, "ఏం ఆగిపోయిందండీ?" అని అడిగాడు. "పాట" అన్నాడు బావ.

మర్నాడు రెండో బ్యాటరీ కొన్నాడు. నేను సంతోషించాను. ఏ పుస్తకంలో చూసినా అదే రాసి ఉంటుంది, ఇంజినుకి ఒకటి, పాటలకి ఒకటి విడిగా ఉండాలని. కొత్తది ఇంజినుకి పెట్టించు అన్నాను. బావ నా వైపు విచిత్రంగా చూశాడు. "ఇంజినుకి పాతది చాల్లే. రోజుకి నాలుగుసార్లు నొక్కుతాం, అంతేగా. స్టీరియో పొద్దస్తమానం పాడాలి."

బోటు పక్కన ఎర్ర రంగుతో 'డీజే సౌకర్యం కలదు' అని పెద్ద అక్షరాలతో రాయించాడు. దాని కింద 'లైఫ్ జాకెట్లు కలవు' అని కూడా రాయిద్దామన్నాను.

చోటు చాలదన్నాడు.