కోషియెన్ మట్టిగారికి ఒక మనవి

మహారాజశ్రీ జపాన్‌లోని కోషియెన్ బేస్‌బాల్ మైదానపు మట్టిగారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. అక్కడ పిల్లల భుజాలు క్షేమంగా ఉన్నాయో లేవోనని టెన్షన్ పడి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఓడిపోయినవాణ్ని మా భాషలో మట్టి కరిచాడంటాం. పరువు తక్కువ మాట. మీ దగ్గర మాత్రం ఓడినవాడు మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులా మిమ్మల్ని పోగుచేసి, సంచిలో నింపుకుని ఇంటికి తీసుకెళ్తాడు. ఎదురుగా కెమెరాలు. మీ దగ్గర జరిగే జాతీయ హైస్కూల్ బేస్‌బాల్ టోర్నీలో ఓడిన పదిహేడేళ్ల కుర్రాడి ఏడుపు జాతీయ వినోదం! విభూతికైనా ఇంత గిరాకీ ఉంటుందా? నల్లమట్టిలో ఇసుక కలిపితే తయారైన మీకు ఈ వైభోగం ఎలా పట్టిందా అని చాలాకాలం బుర్ర గోక్కున్నాను.

జవాబు పంచాంగంలో దొరికింది. నిషినోమియాలో మీ స్టేడియాన్ని 1924 ఆగస్టులో తెరిచారు. మాలాగే జపాన్‌వాళ్లకూ అరవై ఏళ్ల చక్రం ఉంది. అందులో అది మొట్టమొదటి ఏడు కాబట్టి, శుభమని దాని పేరే మీకు పెట్టారు. పెట్టేముందు మా సిద్ధాంతిగారినీ ఒక మాట అడగాల్సింది. మాకు ఆ ఏడు రక్తాక్షి. అంటే ఎర్రబడ్డ కళ్లది. వందేళ్లుగా మీ దగ్గర కనబడేవి అవే కదండీ.

మిమ్మల్ని దేవుణ్ని చేయడంలో బొమ్మల కథలకీ వాటా ఉంది. 1966లో మొదలైన ‘క్యోజిన్ నో హోషి’ అనే బేస్‌బాల్ కథలో ఒక తండ్రి, బంతి విసిరే బలం రావాలని కొడుకు హ్యూమా ఒంటికి స్ప్రింగుల పట్టీలు బిగించి పెంచుతాడు. ఆ పిల్లాడి కళ్లలో నిప్పులు మండుతాయి, నిజంగానే బొమ్మలో మంటలు గీస్తారు. బంతి చేయి వదిలి బ్యాటు చేరేలోపు అందరి ఫ్లాష్‌బ్యాకులూ అయిపోతాయి. మా డెయిలీ సీరియల్ డైరెక్టర్లు వెళ్లి కాళ్లు మొక్కాలి. ఆ కథే క్రికెట్ వేషం కట్టుకుని 2012లో ‘సూరజ్: ది రైజింగ్ స్టార్’ పేరుతో హిందీలో కలర్స్ చానెల్‌కీ వచ్చింది. అసలు కథ చివర్లో హ్యూమా ఎడమచేయి పాడైపోతుంది. రాసినాయన దాచలేదు పాపం. జనానికే స్ప్రింగులు గుర్తున్నాయి, చేయి గుర్తులేదు.

గుర్తుంటే 1998లో మత్సుజాకా అనే కుర్రాడు ఒక్క మ్యాచ్‌లో, 17 ఇన్నింగ్స్‌లో (మామూలుగా తొమ్మిదే), 250 బంతులు విసురుతుంటే ఎవరో ఒకరు లోపలికి వెళ్లి చేయి పట్టుకునేవారు. ఆయన గట్టివాడు కాబట్టి తర్వాత అమెరికా దాకా వెళ్లాడు. 2006లో సైతో యూకి ఒక్క టోర్నీలో 948 వేశాడు. చెమట తుడుచుకోవడానికి వాడిన రుమాలు వల్ల ‘రుమాలు రాకుమారుడు’ అయ్యాడు. జనం ఆ రుమాలు ఏ షాపులో దొరుకుతుందని వెతికారు తప్ప, భుజం ఎలా ఉంది బాబూ అన్నవాళ్లు తక్కువ. ప్రొఫెషనల్‌గా ఆయన మొత్తం విజయాలు 15. తప్పంతా మీదే అనను. మీరు మట్టి, మీకేం తెలుసు! 2018లో అకితా నుంచి వచ్చిన వ్యవసాయ పాఠశాల కుర్రాడు యోషిదా 881 వేసి ఫైనల్లో ఓడిపోయాడు. మట్టి విలువ తెలిసిన బడి మరి.

చివరికి 2020 నుంచి ఒక్కొక్కరు వారానికి 500 బంతులకు మించకూడదని రూలు పెట్టారు. డాక్టరు ఉప్పు తగ్గించమంటే ఆవకాయలో ముక్క ఒకటి తక్కువ వేసుకున్నట్టుంది. 2023లో కెయో హైస్కూల్ కుర్రాళ్లు ఈ ఆట ఆనవాయితీ ప్రకారం గుండ్లు చేయించుకోకుండానే 107 ఏళ్ల తర్వాత కప్పు కొట్టారు. జుట్టు మీద జరిగినంత చర్చ భుజాల మీద జరిగి ఉంటే ఈ ఉత్తరం అక్కర్లేకపోయేది.

ఒక్కచోట మాత్రం మీమీద కోపం రాదు. 1958లో జపాన్ దీవి ఒకినావా అమెరికా చేతిలో ఉండేది. అక్కడి షూరి హైస్కూల్ పిల్లలు ఓడి, మిమ్మల్ని మూటగట్టుకుని వెళ్తే, బయటి మట్టి లోపలికి రాకూడదన్న మొక్కల క్వారంటైన్ చట్టం కింద మిమ్మల్ని సముద్రంలో పారబోశారు. సంగతి తెలిసిన ఒక విమానపు ఎయిర్‌హోస్టెస్, రాళ్లకైతే ఆ అడ్డు లేదని, కోషియెన్ గులకరాళ్లు ఏరి పంపించింది. వందేళ్లలో మీ పేరు మీద జరిగినవాటిలో నాకు నచ్చింది ఆ రాళ్ల సంగతే. అందులో ఎవరూ బంతి విసరలేదు.

కాబట్టి నా మనవి చిన్నది. వచ్చే ఆగస్టులో ఎవడైనా ఏడుస్తూ మీలో చేయి పెడితే, ముందు ఆ చేయి భుజం పైదాకా లేస్తుందో లేదో చూడండి.

ఇట్లు,
చిన్నప్పుడు మట్టి తిని వీపు మోగించుకున్న ఒక తెలుగువాడు

తా.క.: బేస్‌బాల్ సూపర్‌స్టార్ షోహెయ్ ఒటాని మీ మీద రెండు టోర్నీలు ఆడాడు, 2011 వేసవిలో, 2012 వసంతంలో. రెండుసార్లూ మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి. ఇప్పుడు అమెరికాలో ఆయన వేసే ప్రతి బంతినీ లెక్కపెట్టి రాసుకుంటున్నారు.