విజేత కారు మీద హైదరాబాద్ పేరు

ఫార్ములా 4 భారత ఛాంపియన్‌షిప్ 2024 సీజన్ నవంబరులో కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వేలో ముగిసినప్పుడు టైటిల్ దక్కింది హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ తరఫున కారు నడిపిన దక్షిణాఫ్రికా కుర్రవాడు అకీల్ అలీభాయ్‌కి. అంతకు ముందు ఏడాది విజేత కూపర్ వెబ్‌స్టర్‌ది ఆస్ట్రేలియా. విదేశీయులు గెలిచారని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. గట్టివాళ్లతో తలపడితేనే మన పిల్లలకు నాలుగు మెళకువలు అబ్బుతాయి. బాధ కలిగిస్తున్న విషయం వేరు. గెలిచిన కారు మీద హైదరాబాద్ పేరుంది, జట్టు యజమాని తెలుగు సినీ నటుడు, పోటీలు నిర్వహించే సంస్థ అధినేత తెలుగువాడు. అయినా ఆ రెండు సీజన్లలో ఒక్క ఫార్ములా 4 రేసు కూడా తెలుగు నేల మీద జరగలేదు.

పదిహేనేళ్లు నిండిన పిల్లలు కార్టింగ్ (చిన్న బుల్లి కార్ల రేసు) దాటి తొలిసారి నిజమైన రేసు కారులో కూర్చునే మెట్టు ఫార్ములా 4. అందరికీ ఒకే మైగేల్ కంపెనీ ఛాసిస్ (కారు చట్రం), ఒకే ఇంజిన్, ఒకే రకం టైర్లు. మలుపు ముందు బ్రేకు ఎక్కడ తొక్కాలి, అరిగిన టైరును చివరి ల్యాపు దాకా ఎలా కాపాడుకోవాలి అన్నదే తేడా. ఫార్ములా 1 నడిపేందుకు కావలసిన సూపర్ లైసెన్స్‌కు 40 పాయింట్లు ఉండాలి. జాతీయ ఫార్ములా 4 విజేతకు వచ్చేవి గరిష్ఠంగా 12. దారి అంత దూరం. ఆ దూరం నడవాలంటే ఏడాదికి ఒక పండుగ చాలదు, వారం వారం తిరగడానికి ట్రాక్ కావాలి.

మన దగ్గర మాత్రం పండుగకే పెద్దపీట. చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల వీధి సర్క్యూట్‌లో 2023 డిసెంబరులో జరగవలసిన రాత్రి రేసు మిచాంగ్ తుపాను వల్ల వాయిదా పడింది. బాపట్ల దగ్గర తీరం దాటి మన రైతును ముంచిన తుపానే అది. 2024 ఆగస్టు చివర మళ్లీ ఏర్పాట్లు చేస్తే అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య అనుమతి ఆలస్యమై శనివారం కార్యక్రమం తారుమారైంది. ఆదివారం దీపాల వెలుగులో, చేయి చాపితే తగిలేంత దగ్గరగా ఉన్న కాంక్రీటు గోడల మధ్య ఆ పిల్లలు కార్లు నడిపిన తీరు ఎవరినైనా అబ్బురపరుస్తుంది. హైదరాబాద్ కూడా ఆ వెలుగు చూసింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల రేసు ఫార్ములా ఈ జరిగింది, మరుసటి ఏడాది రద్దయింది. ఆ సంబరం ముగిశాక కుర్రవాళ్లకు మిగిలిందేమిటి?

తమిళనాడు కథ అందుకే గమనించదగ్గది. ఇంతవరకు ఫార్ములా 1 రేసుల్లో పోటీపడిన భారతీయులు నరేన్ కార్తికేయన్, కరుణ్ చాందోక్ ఇద్దరే; ఇద్దరూ తమిళనాడు నుంచి వచ్చినవారే. ఇది కాకతాళీయం కాదు. శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ మారుతి ఇంజిన్‌తో తక్కువ ఖర్చులో ఫార్ములా మారుతి కార్లు తయారుచేశాడు. కార్తికేయన్ తొలి రేసు నడిపింది అలాంటి కారులోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు, ఆయన పేరు మీదే కారి స్పీడ్‌వే నిలిచింది. డబ్బున్న ఇళ్ల పిల్లలకే పరిమితమైన ఆటను ఒక్క మెట్టయినా కిందికి దించిన ఆ ప్రయత్నం తెలుగు రాష్ట్రాలలో ఎవరూ ఆ స్థాయిలో చేయలేదని చెప్పడానికి మాకు విచారంగా ఉంది.

వందల కోట్ల సర్క్యూట్ కట్టమని మేము అడగడం లేదు. రెండు రాష్ట్రాల క్రీడా శాఖలు చెరొక కార్టింగ్ ట్రాక్ నిర్మించి, కార్టులను, హెల్మెట్లను శాఖ తరఫునే ఉంచి, పదేళ్ల పిల్లవాడు నామమాత్రపు రుసుముతో శిక్షణ పొందేలా చూడాలి. అంబులెన్సు, ట్రాక్ భద్రత చూసే శిక్షణ పొందిన మార్షళ్లు లేకుండా ఒక్క కార్టు కూడా కదలకూడదు. ఇక్కడి నగరం పేరు పెట్టుకున్న జట్టు, ఇక్కడి పిల్లల్లో మెరికలను ఎంచి ఏటా ఒకరికైనా ఫార్ములా 4 సీటు ఖర్చు భరించాలి.